శనివారం వచ్చి చూసుకుంటే గేదెలు నిలుస్తాయా?

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇది. మీకు హైదరాబాదులో ఉద్యోగం. ఊళ్లో నాన్నగారి స్థలంలో షెడ్డు వేసి పన్నెండు ముర్రా గేదెలు పెట్టాలనుకుంటున్నారు. పనికి ఒక కుటుంబం ఉంటుంది, కెమెరాలు ఉంటాయి, మీరు శని ఆదివారాలు వెళ్లివస్తారు. టెక్సాస్‌లో ఒక రాంచ్ యజమాని మూడు రోజులకోసారి జీపులో తిరిగి ఐదు వందల ఆవులను చూసుకుంటానని చెప్పిన వీడియో చూశారు. ఆయనకు సరిపోయింది మనకెందుకు సరిపోదు, అసలు పశువులను ఎంతకాలానికోసారి చూడాలి అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పాలిచ్చే గేదెను రోజుకు నాలుగుసార్లు చూడాలి. తెల్లవారుజామున పాలు పితికేటప్పుడు, పదకొండు గంటల ప్రాంతంలో, సాయంత్రం పాల వేళ, రాత్రి తొమ్మిది దాటాక. ఈనడానికి పది రోజుల్లో ఉన్న చూడి గేదెను ఆరు గంటలకోసారి చూడాలి. నొప్పులు మొదలైన జాడ కనబడితే గంటకోసారి. ఈనిన తర్వాత మూడు రోజులు నాలుగు గంటలకు మించి వదలకూడదు. పాలు ఆగి వట్టిపోయినవాటికీ, ఇంకా ఈనని పడ్డలకూ రోజుకు రెండుసార్లు చాలు. పాడిలో వారానికోసారి అనే లెక్క ఎక్కడా లేదు.

చూడవలసింది మీరే కానక్కరలేదు. కానీ చూసేవాళ్లకు చూడటం రావాలి, చూశాక నిర్ణయం తీసుకునే హక్కు ఉండాలి. ఈ రెండో సంగతి దగ్గర నేను ఒక గేదెను పోగొట్టుకున్నాను. అది తర్వాత చెబుతాను.

మాది కృష్ణా జిల్లా. 1998లో రెండు గేదెలతో మొదలుపెట్టాను, ఇప్పుడు చిన్నా పెద్దా కలిపి ఇరవై రెండు ఉన్నాయి. ఈ నాలుగుసార్ల లెక్క నేను ఏ పుస్తకంలోనూ చూసి పెట్టుకోలేదు. వచ్చే ముప్పుల్లో తొందరగా ముంచేది ఎంతసేపట్లో ముంచుతుందో, మనం చూసే ఎడం అంతకంటే తక్కువ ఉండాలి. ఆ ఎడమే నా లెక్క. కడుపు ఉబ్బరం గంటల్లో ప్రాణం తీస్తుంది. వానాకాలం మొదట్లో వచ్చే గొంతువాపు వ్యాధికి ఒక్క రోజు చాలు. పొద్దున మేత మానిన గేదె మర్నాడు పొద్దుటికి ఉండకపోవచ్చు. ఈనిన గేదెకు పాల జ్వరం వస్తే ఒక రాత్రి గడవదు; పేరుకే జ్వరం, నిజానికి అది ఒంట్లో కాల్షియం పడిపోవడం. పొదుగువాపు చాలావరకు ప్రాణం తీయదు కానీ, పొద్దున పట్టుకోవలసింది మర్నాడు పట్టుకుంటే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. ఇక పిడుదులు, గిట్టలు పెరగడం, ఒళ్లు తగ్గడం లాంటివి మాత్రం వారానికోసారి చూసినా నష్టం లేదు. మీ శనివారం వీటికి పనికొస్తుంది.

మీ టెక్సాస్ ఆసామి సంగతీ ఈ లెక్కలోనే తేలిపోతుంది. ఆయనవి మాంసం కోసం పెంచే ఆవులు. దూడ తల్లి దగ్గరే ఉండి తాగుతుంది, ఎవరూ పాలు పితకరు. పొదుగు ఖాళీ చేసే పని దూడది, ఎద, అంటే చూడి కట్టే అదను, కనిపెట్టే పని మందలో తిరిగే ఆబోతుది. పాడిలో మనిషి చేసే కాపలాలో సగం అక్కడ పశువులే చేసుకుంటాయి. ఆయన ముఖ్యంగా చూసేవి నీళ్లు, కంచె, తల లెక్క. అమెరికాలోనే నెబ్రాస్కా ఇసుక కొండల్లో ఆవులకు గాలిమరలు తోడే తొట్టి నీళ్లే ఆధారం. ఎండాకాలంలో ఒక మర ఆగిపోయి ఎవరూ చూడకపోతే మంద మొత్తం దాహంతో అల్లాడుతుంది, అందుకని అక్కడి వాళ్లు ఆవుల కంటే ముందు తొట్లను చూస్తూ తిరుగుతారు. ఆ రాంచ్‌ల వాళ్లనే ఈనే కాలంలో వెళ్లి అడగండి. తొలిచూలు పడ్డలను రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి మంచులో కూడా లాంతరు వేసుకుని చూసివస్తారు. ఆ భాగం వీడియోలో లేదు కాబోలు.

ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. ఆ వీడియోలో మూపురం ఉన్న ఆవులు కనబడితే అవి బ్రాహ్మన్ జాతివి కావచ్చు. వాటిలో మన ఒంగోలు రక్తం ఉంది. బ్రెజిల్‌లో అదే ఒంగోలు జాతిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. ఎండను, పురుగును తట్టుకుని ఆరుబయట వాటంతటవి బతకగలవనే వాటిని అంత దూరం పట్టుకుపోయారు. మీరు కొనబోయే ముర్రా గేదె అలాంటిది కాదు. పూటకు ఏడెనిమిది లీటర్ల పాలు దింపే శరీరం అంచు మీద నడుస్తూ ఉంటుంది.

ఇప్పుడు రాత్రి తొమ్మిది గంటల తిరుగుడు గురించి. నాలుగింటిలో ఒకటే చేయగలను, ఏది చేయమంటారు అని ఎవరైనా అడిగితే నేను దీన్నే చెబుతాను. పాల వేళ చూడటం ఎలాగూ జరుగుతుంది, కానీ అప్పుడు మన ధ్యాస బిందె మీద ఉంటుంది, గేదె ధ్యాస దాణా మీద ఉంటుంది. రాత్రి మేత అయిపోయి అన్నీ పడుకున్నాక అసలు స్థితి బయటపడుతుంది.

ఇది నాకు నేర్పింది మా అత్తగారు. ఆవిడ చావిట్లోకి వెళ్లి దీపం వేసేవారు కాదు. గుమ్మంలో నిలబడి వినేవారు. నెమరు వేసే చప్పుడు అలవాటైన చెవికి ఎక్కడినుంచి వస్తోందో, ఎక్కడినుంచి రావడం లేదో తెలిసిపోతుంది. "ఆ చివరిది నోరు కదపడం లేదు, చూడు" అనేవారు. నేను లైటు వేసి చూస్తే అది మామూలుగానే పడుకుని ఉండేది. దగ్గరకు వెళ్లి డొక్క మీద చేయి పెడితే బిగిసి ఉండేది. ఆరోగ్యంగా ఉన్న గేదె రోజు మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది, ఒక్కో ముద్దకు యాభై సార్లు అటూ ఇటూగా నములుతుంది. మేత అయిన గంట రెండు గంటలకు పడుకున్నవాటిలో సగమైనా నములుతూ ఉండాలి. లేకపోతే దాణాలో తేడా వచ్చిందని నేను మర్నాటి దాణాలో కలిపే గానుగ చెక్క బస్తా విప్పి వాసన చూస్తాను.

రాత్రి చూడటానికి రెండో కారణం ఎద. ఆవు ఎదకు వస్తే ఊరంతా తెలుస్తుంది. గేదెకు చాలాసార్లు మూగ ఎద. అరవదు, మరో దాని మీదకు ఎక్కదు. కొంచెం మేత తగ్గిస్తుంది, పాలు ఎగచేపుతుంది, మాటిమాటికీ కాసింత మూత్రం పోస్తుంది. ఈ లక్షణాలు కూడా ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున కనబడతాయి. పడుకున్న గేదె వెనక నేల మీద గుడ్డులోని తెల్లసొన లాంటి తీగ కనబడితే అదే ఆధారం. పొద్దున ఆరింటికి పేడ ఎత్తి నీళ్లు కొట్టేశాక ఆ ఆధారం మురుగుకాలువలో ఉంటుంది. సాయంత్రం ఎద కనబడితే మర్నాడు పొద్దున, పొద్దున కనబడితే ఆ సాయంత్రం కృత్రిమ గర్భధారణ చేయించాలి. ఆ ఒక్క పూట తప్పితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. వట్టి గేదెకు రోజుకు రెండు వందలు మేతా దాణా అనుకున్నా నాలుగు వేల రూపాయలు అక్కడే పోయాయి, వచ్చే ఈత కూడా అన్ని రోజులు వెనక్కి జరిగింది. వారాంతపు యజమానులు దివాలా తీసేది గేదెలు చచ్చిపోయి కాదు, ఎక్కువమంది ఇక్కడే తీస్తారు. పశువులన్నీ కళకళలాడుతూ ఉంటాయి, ఒక్కటీ చూడి కట్టదు.

మరి చూడటం అంటే ఏమిటి? పదిహేను నిమిషాల పని. ముందు నుంచి నడుస్తూ ముట్టె చూడండి, చెమర్చి ఉండాలి. గాడిలో మేత మిగిలిందా, ఎవరి ముందు మిగిలింది? చెవి మొదలు పట్టుకోండి, వెచ్చగా ఉండాలి. తర్వాత వెనక నుంచి నడవండి. ఎడమ డొక్క మామూలుగా ఉందా, పేడ మరీ పలచబడిందా, గట్టి ఉండలుగా పడిందా, మూత్రం కాఫీ రంగులో ఉందా. మూత్రం అలా ఉంటే ఆ క్షణమే డాక్టరుకు ఫోను చేయాలి. పాల వేళ ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద తీయించండి. చిన్న తరకలు కనబడితే పొదుగు వాచక ముందే వ్యాధి దొరికినట్టే. అనుమానం వస్తే థర్మామీటరు పెట్టాలి. గేదెకు 101 డిగ్రీలు, అటూ ఇటూ ఒక డిగ్రీ మామూలే. 103 దాటితే ఎదురుచూడకండి. వీటన్నిటి కంటే ముందు వచ్చే సూచన మాత్రం పాల కొలత. ఏ గేదె ఎన్ని లీటర్లు ఇచ్చిందో విడివిడిగా నోటు పుస్తకంలో రాయించండి. అన్నీ కలిపి పాల కేంద్రంలో పోసి రసీదు చూసుకుంటే ఒకటి రెండు లీటర్లు తగ్గిన గేదె మీకు కనబడదు.

ఈనే గేదె విషయంలో చూడటం ఎంత ముఖ్యమో, జోక్యం చేసుకోకపోవడం కూడా అంతే ముఖ్యం. తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడి, చన్నులు నిండుకుని మెరుస్తుంటే ఒకటి రెండు రోజుల్లో ఈనుతుంది. అప్పుడు దూరం నుంచి చూడండి. పది నిమిషాలకోసారి వెళ్లి లేపి, లైటు వేసి, నలుగురు చుట్టూ నిలబడితే అది నొప్పులు ఆపేసుకుంటుంది. నీటి సంచి కనబడి గంట గడిచినా కాళ్లూ ముట్టే కనబడకపోతే మాత్రం డాక్టరును పిలవాలి. మీ పనివాడు చేయి పెట్టి లాగకూడదు. దూడ పడ్డాక మొదటి గంట రెండు గంటల్లోనే జున్నుపాలు తాగాలి, మనం జున్ను వండుకోవడం తర్వాత. పన్నెండు గంటలకు మాయ (దూడ వెంట బయటికి రావలసిన పొర) పడకపోతే డాక్టరుకు చెప్పండి; దానికి ఇటుకో రాయో కట్టే పాత అలవాటు మీ చావిట్లోకి రానివ్వకండి, గర్భసంచి చిరిగిపోవచ్చు.

కెనడాలోని మానిటోబాలో గస్ కోనెఫాల్ అనే రైతు ఒక సంగతి గమనించాడు: చూడి ఆవులకు చీకటి పడ్డాక మేత వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూట ఈనుతాయి. ఈ పద్ధతి అక్కడ ఆయన పేరుతోనే చెలామణి అవుతోంది. నిద్ర దక్కుతుందనే ఆశతో నేనూ రెండేళ్లు రాత్రి తొమ్మిదికి మేత వేసి చూశాను. నా దగ్గరున్న కొద్ది గేదెల్లో తేడా తేల్చి చెప్పేంతగా కనబడలేదు. కానీ రాత్రి తొమ్మిదింటికి చావిట్లో ఉండే అలవాటు నాకు పట్టుబడింది, ఆ లాభం మిగిలింది.

ఇప్పుడు నా గేదె సంగతి. 2011 ఆగస్టు. మూడో ఈత ముర్రా, మధ్యాహ్నం ఈనింది. నేను ఆ సాయంత్రం చెల్లెలి ఇంట్లో శుభకార్యానికి ఏలూరు వెళ్లాను. చావిట్లో ఉన్న పనివాడు మా దగ్గర ఎనిమిదేళ్ల నుంచి ఉన్నవాడు, పశువు చూపు నాకంటే బాగా తెలిసినవాడు. రాత్రి తొమ్మిదికి వెళ్లి చూశాడు. చెవులు చల్లబడ్డాయి, మేత ముట్టలేదు, వెనక కాళ్లు తడబడుతున్నాయి. అంటే అతను చూడవలసిన వేళకు వెళ్లాడు, చూడవలసింది చూశాడు. అయినా ఎవరికీ ఫోను చేయలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి గేదె మెడ డొక్క మీదకు తిప్పుకుని పడి ఉంది. డాక్టరు వచ్చేసరికి ఆరు దాటింది. కాల్షియం సీసా నరానికి పెట్టిన కాసేపటికే ప్రాణం పోయింది. రాత్రి తొమ్మిదింటికి అదే సీసా ఎక్కించి ఉంటే గంటలో తేరుకునేది. పాల జ్వరంలో చికిత్స అంత తొందరగా పనిచేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎందుకు ఫోను చేయలేదని అడిగాను. "పోయిన నెల ఊరికే డాక్టరును పిలిచానని మీరే కదమ్మా కేకలేశారు" అన్నాడు. నిజమే. అంతకు ముందు నెల ఒక గేదె మేత మానిందని రాత్రి పదింటికి డాక్టరును రప్పించాడు. చూస్తే ఏమీ లేదు, చెక్క మార్చినందుకు అలిగింది. ఆరు వందలు దండగ అని నలుగురి ముందు అరిచాను.

అప్పటి నుంచి చావిడి గోడ మీద నాలుగు సంగతులు రంగుతో రాయించాను. చెవులు చల్లబడి మేత మానడం, ఎడమ డొక్క డప్పులా బిగియడం, గొంతు వాచి గురక రావడం, నీటి సంచి కనబడి గంట దాటడం. వీటిలో ఏది కనబడినా నన్ను అడగకుండా డాక్టరుకు ఫోను చేయాలి, డబ్బు నాది, మాట పడేదీ నేనే. కింద డాక్టరు నంబరు, దాని పక్కన సంచార పశువైద్య వాహనం కోసం 1962. ఆ రంగు వెలిసిపోతే రెండేళ్లకోసారి మళ్లీ వేయిస్తాను. డాక్టరు వచ్చేలోగా పడిపోయిన గేదె నోట్లో ఏదీ పోయకూడదని కూడా మీ వాళ్లకు చెప్పండి. నీళ్లయినా, కాల్షియం మందయినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కెమెరాల గురించి. నా దగ్గర రెండున్నాయి, పెట్టుకోండి. ఈనే గేదెను లేపకుండా చూడటానికి కెమెరా చాలా మంచిది. రాత్రి తొమ్మిదికి మనిషి లోపలికి వెళ్లాడో లేదో తెలుస్తుంది. అంతవరకే. చెవి చల్లబడిన సంగతి, పొదుగులో ఒక భాగం వేడెక్కిన సంగతి, పాలలో తరకలు కెమెరాకు కనబడవు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఒకసారి ఫోనులో చూసి "అమ్మా, మూడోది గంట నుంచి కదలడం లేదు" అని హడావుడి చేశాడు. అది హాయిగా నెమరు వేసుకుంటోంది. అదే వారం దాని పక్క గేదెకు పొదుగువాపు వచ్చింది; కెమెరాలో అది చక్కగా నిలబడి మేత మేస్తూనే ఉంది.

కాలాన్ని బట్టి కొంచెం మార్పులుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు గంటల తిరుగుడును మధ్యాహ్నం రెండింటికి జరపండి, వీలైతే రెండూ చేయండి. గేదె తోలు నల్లన, చెమట గ్రంథులు తక్కువ, నీడా నీళ్లూ లేకపోతే ఎండకు తట్టుకోలేదు. కరెంటు పోయి మోటారు ఆగితే తొట్టిలో సాయంత్రం దాకా నీళ్లుంటాయా అన్నది మీరు ఇప్పుడే లెక్క వేసుకోవాలి. పాలిచ్చే గేదె ఎండల్లో రోజుకు డెబ్బై ఎనభై లీటర్లు తాగేస్తుంది. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించండి, వానలు పడ్డాక పరుగెత్తి లాభం లేదు. జొన్న చేలు ఉన్న ఊరైతే, నీళ్లు లేక వాడిన లేత జొన్న పిలకల దగ్గరకు పశువును పోనివ్వకండి. ఆ సైనైడ్ విషానికి మీరు రోజుకు పదిసార్లు చూసినా అందదు, నిమిషాల్లో అయిపోతుంది.

మీ ప్రణాళికకు నా సలహా ఏమిటంటే, పన్నెండు వద్దు. నాలుగుతో మొదలుపెట్టండి, అవీ ఒకేసారి ఈనేవి కాకుండా రెండు మూడు నెలల ఎడంతో ఈనేవి. ముర్రా గేదెకు చూడి పది నెలలు, కట్టిన తేదీ రాసి ఉంటే ఈనే వారం ముందే తెలుస్తుంది; మీ సెలవులు పండుగలకు కాకుండా ఆ వారాలకు దాచుకోండి. పనికి వచ్చే కుటుంబంలో ఆవిడకు పశువులు అలవాటున్నాయో లేదో తప్పకుండా అడగండి, జీతం మాట్లాడేటప్పుడు ఆవిడతో కూడా మాట్లాడండి. రోజూ చావిట్లో ఎక్కువ గంటలు ఉండేది సాధారణంగా ఆవిడే. పాలతో పని లేకుండా వారాంతాల్లోనే సాగాలంటే పడ్డలను పెంచి చూడి కట్టాక అమ్మే దారి ఉంది. దానిలో రాబడి ఆలస్యంగా వస్తుంది, ఎద కనిపెట్టే బాధ్యత మాత్రం అందులోనూ తప్పదు.

మీ ఊరికి పశువుల ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి పదింటికి పిలిస్తే వచ్చే డాక్టరు ఎవరైనా ఉన్నారో మీరు రాయలేదు. ఆ రెండూ కనుక్కుని ఇక్కడే చెప్పండి. షెడ్డు కొలతల గురించి ఆ తర్వాత మాట్లాడదాం.